పెట్టెకి జలుబు

చక్రాలు తిరుగుతున్నాయి. టేప్ రికార్డర్ మూత అద్దంలోంచి రెండు తెల్ల చక్రాలు కనిపిస్తున్నాయి, టేపు నిండుగా ఉన్నది నింపాదిగా, బోసిగా ఉన్నది హడావుడిగా, మా నాయనమ్మా నేనూ కలిసి రోడ్డు మీద నడుస్తున్నట్టు. చప్పుడు లేదు. రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి నల్లటి వైరు పెట్టగానే చప్పుడంతా ఆ వైరులోకి పోతుంది, బయటికేమీ వినపడదు. తెర మీద మాత్రం ప్రోగ్రాం పేరు, దాని పక్కన రెండు సున్నాలు. తర్వాత సున్నా ఒకటి రావాలి. వస్తుందా? నా వేళ్లు ఇంకా స్పిరిట్ వాసన కొడుతున్నాయి. రాకపోతే మధ్యాహ్నం నందిగామ నుంచి ఆఫీసరు గారి జీపు వస్తుంది, ఈ కంప్యూటర్‌నీ టీవీనీ వైర్లనీ సర్దుకుని వెళ్లిపోతుంది. నడవని మిషను పల్లెటూరి బడిలో దుమ్ము పట్టించడం దేనికి, నడుపుకునేవాళ్లకి ఇస్తాం అని కబురు వచ్చింది. మిషను పోతే పోతుంది, దానితోపాటు నా మాట కూడా పోతుంది. ఇవాళ పొద్దున నేను క్లాసందరి ముందూ నోరు తెరిచాను. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనడానికే గొంతు పూడుకుపోయే నేను, పలికినా వినపడలేదని రెండుసార్లు ఆబ్సెంట్ వేయించుకున్న నేను. అదిగో, సున్నా ఒకటి.

ఒకటి వస్తే ఏమీ వచ్చినట్టు కాదు. ఒకటీ రెండూ మూడూ దసరా తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. నాలుగు దగ్గరే ఆగిపోతుంది. కింద ఇంగ్లీషులో ఏదో తిట్టినట్టు రెండు మాటలు పడతాయి, టేపు వెనక్కి తిప్పుకోమంటుంది. భవానీప్రసాద్ సార్ తిప్పుతారు. మళ్లీ నాలుగు దగ్గర తిడుతుంది. సార్ మాకు లెక్కలు చెప్తారు, కంప్యూటర్ ట్రైనింగుకి విజయవాడ వెళ్లొచ్చారు, వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి, పెళ్లికొడుకులా. పెట్టె విప్పి బల్ల మీద పెట్టిన రోజు అంతా సవ్యంగానే నడిచింది, తెర మీద మధ్యలో సూర్యుడూ చుట్టూ గ్రహాలూ తిరిగాయి, కిటికీ చువ్వలు పట్టుకుని సగం ఊరు చూసింది. ఆ తర్వాత దసరా వచ్చింది. దసరా సెలవలయ్యాక నాలుగు దగ్గర పట్టుకుంది. క్యాసెట్టు పాడైందనుకుని సార్ కొత్తది తెప్పించారు, అదీ నాలుగు దగ్గరే. కంప్యూటరే పాడైందన్నారు హెడ్మాస్టరు గారు. లోపల మతి పోయింది అన్నాడు అటెండరు బసవయ్య. సాఫ్ట్‌వేరులో ఏదో తప్పుంది అన్నారు సార్. ఆ మాట నేను మొదటిసారి వినడం అప్పుడే. హార్డ్‌వేర్ నాకు తెలుసు, నందిగామలో మేకులూ బందులూ గడియలూ అమ్మే కొట్టు మీద బోర్డు ఉంటుంది. హార్డ్ అంటే గట్టిది, గట్టి సామాను. అయితే సాఫ్ట్‌వేర్ అంటే మెత్తటి సామానేమో, పత్తిలాంటిది, దిండులో దూదిలాంటిది అనుకున్నాను. సార్ కాదన్నారు. చేతికి తగలనిదట. మిషనుకి చెప్పే మాటలట. చేతికి తగలనిది పాడైతే ఎట్లా బాగుచేస్తారు సార్ అని అడగాలనిపించింది. అడగలేదు. అడగని మాటలన్నీ ఇంటికెళ్లి డైరీలో రాసుకుంటాను, డైరీ నిండా ప్రశ్నలే.

సున్నా రెండు. వెనక బెంచీ కిర్రుమంది, బుల్లిబాబు లేచి నిలబడ్డాడని తిరిగి చూడకుండానే తెలుసు. వాడి ఊపిరి నా జడ మీద పడుతోంది. పొద్దున మొదట నవ్వింది వాడే. సార్ విసిగిపోయి, నల్ల వైరు పీకేసి, ఊరికే టేపు ఆన్ చేశారు. చప్పుడు బయటికి వచ్చింది. మంచి రోజుల్లో ఆ చప్పుడు ఎట్లా ఉండేదో నాకు గుర్తే, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుర్రుమని, చెవిలో పుల్ల పెట్టినట్టు పదునుగా ఉండేది. ఇవాళ అట్లా లేదు. దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు, ముక్కు దిబ్బడేసినట్టు బొంగురుగా ఉంది. అది విన్నాను. నా లోపల ఏదో లేచి నిలబడింది. నేను కూడా లేచి నిలబడ్డానని తర్వాత తెలిసింది. "సార్, దానికి జలుబు చేసింది" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. "ఏంటమ్మా?" అన్నారు. "హెడ్డు మురికిపట్టింది సార్. తుడవాలి" అన్నాను. మా బడిలో హెడ్డు అంటే ఒక్కరే. ఆ ఒక్కరూ అప్పుడే గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఒరేయ్, హెడ్డుగారికి నీళ్లు పొయ్యండ్రా" అన్నాడు బుల్లిబాబు, మెల్లగానే అన్నాడు గానీ గది చిన్నది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. హెడ్మాస్టరు గారు తన చొక్కా కాలరు ఒకసారి చూసుకుని, "నేను పొద్దున్నే స్నానం చేసే వచ్చానమ్మా. ఆ పెట్టె సంగతేదో చూడు" అన్నారు. ఎంత మంచివారో. ఆయన అట్లా అనకపోతే నేను కూచునేదాన్ని, కూచుంటే ఈ జన్మకి మళ్లీ లేచేదాన్ని కాదు.

జలుబు మాట నాది కాదు, మా నాయనమ్మది. నాయనమ్మ పేరు ఆరోగ్యమ్మ. నాన్న ఆశీర్వాదం గారు ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, చర్చిలో పాటలు నేర్పడానికని పాత టేప్ రికార్డర్ కొన్నారు. దాంట్లో మొదట ఎక్కింది కీర్తన కాదు, పత్తి ఏరేటప్పుడు పాడే నాయనమ్మ పాట. నాన్న మీట నొక్కి, "పాడమ్మా" అంటే ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడతో చెప్పుకున్నట్టు పాడింది. తర్వాత వినిపిస్తే, "ఎవర్రా ఈ ముండ, నా పాట పాడతంది?" అంది. ఆ పాట రోజూ వినడం మొదలుపెట్టింది. రికార్డర్ పొయ్యి పైనున్న గూట్లో ఉండేది, పిల్లలకి అందకుండా. కొన్ని నెలలకి పాట బొంగురుపోయింది. "ఏందే పిల్లా, పెట్టెలో నాకు జలుబు చేసిందే?" అంది నాయనమ్మ. నాన్న టేపు అరిగిందన్నారు. నాకు నమ్మకం కలగలేదు, ఎందుకంటే చర్చి క్యాసెట్లూ అట్లాగే బొంగురుగా వస్తున్నాయి, అన్ని క్యాసెట్లూ ఒకేసారి అరగవు కదా. మూత తీసి చూస్తే లోపల టేపు రాసుకుంటూ పోయే హెడ్డు అనే ఇనప ముక్క పొగచూరి కుంకుడుగింజలా నల్లగా ఉంది. నర్సమ్మగారిని అడిగి సీసా మూతలో స్పిరిట్ తెచ్చి, పుల్లకి దూది చుట్టి తుడిచాను. "స్టవ్వు వాచరు మార్చావు, గొడుగు పుల్ల కట్టావు, ఫ్యూజు వేశావు, ఇంక రేపు రైలింజను విప్పుతావా?" అని మా అమ్మ పుల్లమ్మ అరుస్తూనే ఉంది. తుడిచాక పాట పెడితే నాయనమ్మ గొంతులో తమలపాకు నమిలే చప్పుడు కూడా వినపడింది. నాయనమ్మ లేచి వచ్చి పెట్టె మీద చెయ్యివేసి, "తగ్గిందే" అంది.

తగ్గిందే అంది, రిపేరయింది అనలేదు. ఆవిడకి అన్నీ తగ్గుతాయి లేకపోతే బాగుపడతాయి. కాలూ బాగుచేసుకోవాలి, బండీ బాగుచేసుకోవాలి, రాళ్లు ఏరి చేనూ బాగుచేసుకోవాలి, ఒకటే మాట. ఇప్పుడు మేం మిషన్లకి రిపేరు అంటాం, మనుషులకి ట్రీట్‌మెంట్ అంటాం. మాటలు వేరయ్యేసరికి మిషన్లు వేరు మనుషులు వేరు అయిపోయినట్టుంది. మొన్న మా బాబాయి జ్వరం నుంచి లేచి, "రిపేరుకొచ్చింది బాడీ" అన్నాడు, మళ్లీ కలిసిపోయాయి. లోడు అంటే ఇదివరకు మాకు లారీనే, జగ్గయ్యపేట వైపు నుంచి సున్నపురాయి వేసుకుని రోడ్డు అదిరేట్టు పోయే లారీ, లోడ్ లారీ వస్తోంది తప్పుకోండి అని అరిచేవాళ్లం. ఇప్పుడీ గదిలో ఏ బరువూ లేనిది లోడ్ అవుతోంది, అయినా అందరం అట్లాగే పక్కకి తప్పుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ప్రోగ్రాం అంటే రేడియోలో వచ్చేది, లేకపోతే క్రిస్మస్‌కి పిల్లలు వేసే నాటకం. మాటలు కూడా మనుషుల్లాగే పనికోసం ఊరు మారతాయేమో, కొత్త ఊళ్లో కొత్త పనిలో చేరతాయేమో. పాత ఊళ్లోవాళ్లు చూస్తే గుర్తుపడతారు, అదేంటి నువ్వు లారీల దగ్గర ఉండేదానివి కదా అని.

సున్నా మూడు.

ఇక్కడినుంచి నేను తెర చూడను. చక్రాలు చూస్తాను. కాదు, చక్రాలూ చూడను, బసవయ్య చేతులు చూస్తాను. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు పాపం. ఇవాళ పొద్దున రికార్డర్ మూత తీసినప్పుడు లోపల నల్లగా ఉంటుందనుకున్నాను, మా ఇంట్లోలా. ఎర్రగా ఉంది. ఇనప ముక్క మీద, పక్కనున్న రబ్బరు చక్రం మీద, మూలల్లో, ఎర్రటి పొడి, మీద సాంబ్రాణి పొగ జిడ్డు. కుంకుమ. నా చెయ్యి ఆగిపోయింది. దసరా సెలవలకి ముందు రోజు హెడ్మాస్టరు గారు బడిలో సామానంతటికీ ఆయుధపూజ చేయించారు, గ్లోబుకీ తూకపు త్రాసుకీ గంటకీ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాను, ప్రసాదం తిన్నాను. ఇప్పుడు మా పేట పిల్ల, చర్చి మాస్టరు కూతురు, పూజ కుంకుమ వల్ల మిషను పాడైందని ఎట్లా అంటుంది? ఒకవేళ అంటే, ఇంటికెళ్లాక అమ్మ, "మనకెందుకే ఆ మాటలు" అంటుంది. అనకుండా తుడిస్తే? దూది ఎర్రబడుతుంది, అందరూ చూస్తారు. "దుమ్ము సార్" అన్నాను. పుల్లకి దూది చుట్టి, ఫస్ట్ఎయిడ్ పెట్టెలోంచి సార్ తెచ్చిన స్పిరిట్‌లో ముంచి తుడిచాను. దూది పారాణి అద్దినట్టు ఎర్రగా బయటికొచ్చింది.

అప్పుడు బసవయ్యే ముందుకొచ్చి వంగి చూసి, "ఓర్నాయనో, అది నా బొట్టేనమ్మా!" అన్నాడు. "అన్నిటికీ నుదుట పెట్టా. దీనికి నుదురు ఎక్కడుందో తెలవలా. నోరు తెరుచుకునుంటే లోపల పెట్టా. కాస్త ఎక్కువే పెట్టా, ఖరీదైంది కదా అని." హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, మొహం తుడుచుకుని, ఆపుకోలేక పెద్దగా నవ్వేశారు. "బసవయ్యా, ఇన్నాళ్లూ ఆ తల్లి కుంకుమ మింగి దగ్గుతోందయ్యా!" అన్నారు. సార్ నవ్వారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయం దిగిపోయి ఏడుపొచ్చినంత పనైంది. "తుడువమ్మా, బాగా తుడువు, సరస్వతీదేవి ఏమీ అనుకోదు" అన్నారాయన. నేను దూది మార్చి మార్చి, ఎరుపు పోయి తెల్లగా వచ్చేదాకా తుడిచాను. రబ్బరు చక్రాన్ని వేలితో తిప్పుతూ తుడిచాను. పని చేస్తున్న చెయ్యికి సిగ్గుండదు, మాట్లాడే నోటికే ఉంటుంది, ఇది డైరీలో రాయాలి.

"నాలుగు!" అన్నాడు బుల్లిబాబు నా చెవిలో. చూశాను. సున్నా నాలుగు. అక్కడే ఉంది. ఉంది. ఇంకా ఉంది. ఇక్కడే కదా తిట్టేది, ఇప్పుడు తిడుతుంది, సార్ వేలు స్విచ్చి మీదికి పోతోంది, వెనక ఎవరో అప్పుడే ప్చ్ అన్నారు, దేవా, నాయనమ్మా, తమలపాకు చప్పుడు, పెట్టెలో జలుబు, నేను సరిగ్గా తుడిచానా, మూలన ఏమైనా ఉండిపోయిందా, ఇంకో దూది పెట్టాల్సింది, తొందరపడ్డాను, సున్నా అయిదు.

సున్నా అయిదు! గది మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆరు. ఇప్పుడు ఒక్కో అంకెకీ వెనక అబ్బాయిలు గొంతు కలుపుతున్నారు, కబడ్డీ పాయింట్లు లెక్కపెట్టినట్టు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిది తర్వాత పది అని అందరూ ఒక్కసారే అరిచారు. తెర మీద పది పడలేదు. సున్నా, దాని పక్కన ఇంగ్లీషు ఏ అక్షరం. అంకెల్లో అక్షరం పడిందంటే మతి చెదిరిందన్నమాటే. "సార్, తప్పు పడింది" అన్నాను, ఏడుపు గొంతుతో. సార్ నా వైపు తిరిగారు, ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "తప్పు కాదమ్మా, దాని ఎక్కాలు వేరు. తొమ్మిది అయ్యాక దానికి అంకెలు అయిపోతాయి, అక్షరాలు అరువు తెచ్చుకుంటుంది" అన్నారు. బి. సి. డి. అబ్బాయిలు ఇప్పుడు ఏబీసీడీలు అరుస్తున్నారు, ఒకటో తరగతి పిల్లల్లా. దానికీ అంకెలు చాలవట. చాలనప్పుడు పక్కింటి నుంచి తెచ్చుకుంటుందట, మేం మాటలు తెచ్చుకున్నట్టే. ఆ నిమిషం ఆ పెట్టె మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

తెర ఒకసారి నల్లబడింది. తర్వాత మధ్యలో గుండ్రంగా తెల్లగా సూర్యుడు. ఒక చిన్న చుక్క వచ్చి చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ఇంకో చుక్క. బసవయ్య చేతులు జోడించాడు. సార్ నా భుజం తట్టబోయి, ఆడపిల్లనని గుర్తొచ్చి, బల్ల తట్టారు. బుల్లిబాబు, "పిలోమినా, మా రేడియో కూడా గురక పెడతంది, వచ్చి చూడవా?" అన్నాడు. వెక్కిరింపేమో అని మొహం చూశాను. నిజంగానే అడుగుతున్నాడు.

అదే సమయానికి జీపు వచ్చింది. ఆఫీసరు గారు, వెనక డ్రైవరు సాంబయ్య చంకలో పెద్ద బొంత పెట్టుకుని. మిషను దెబ్బతినకుండా చుట్టడానికట. "ఏదీ, పాడైందన్నారు?" అంటూ లోపలికొచ్చి తెర చూసి ఆగిపోయారు ఆఫీసరు గారు. సార్ భూమి ఏదో చూపిద్దామని వేలు చాపారు. అంతే, కరెంటు పోయింది. పైన ఫాను తిరిగి తిరిగి ఆగింది. తెర చచ్చిపోయింది. "మళ్లీ వచ్చాక కనపడుద్దా?" అన్నారు ఆఫీసరు గారు. సార్ తల అడ్డంగా ఊపారు. "కనపడదండి. కరెంటు పోతే అది నేర్చుకున్నదంతా మర్చిపోద్ది" అన్నారు. "అంటే నేను చూసింది ఒక్క క్షణం. నడుస్తుందని ఏమని రాసుకోమంటారు?" అని ఆఫీసరు గారు హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. సాంబయ్య బొంత విప్పి బల్ల పక్కన పరిచాడు.

మర్చిపోతుంది. ఇంతసేపు ఒక్కో అంకె ఎక్కించుకున్నదంతా ఒక్క క్షణంలో మర్చిపోతుంది. వెనకనున్న అబ్బాయిల మొహాలు వాడిపోయాయి. సార్ కుర్చీలో కూలబడ్డారు. నాకు భయం వేయాలి. వేయలేదు. ఎందుకు వేయలేదా అని లోపల వెతుక్కున్నాను. మర్చిపోయింది కంప్యూటరు, టేపు కాదు. టేపు శుభ్రంగా, పొడిగా, పెట్టె లోపల క్షేమంగా ఉంది. దాని గొంతు బాగుంది. అది ఎన్నిసార్లయినా చెప్పగలదు, మా నాయనమ్మ ఎన్నిసార్లు అడిగినా అదే పాట పాడినట్టు. పోనీ, పోతే పోనీ, వంద సార్లు పోనీ. నేను మళ్లీ మాట్లాడుతున్నానని ఈసారి మాట్లాడకముందే తెలిసింది.

"కరెంటు రాగానే మళ్లీ ఎక్కిస్తానండి" అన్నాను. గొంతు పూడుకుపోలేదు. చివరి బెంచీ దాకా వినపడింది. ఆఫీసరు గారు వెనక్కి తిరిగి, "ఎవరమ్మాయి ఇది?" అన్నారు. "మా ఫిలోమినా అండి" అన్నారు హెడ్మాస్టరు గారు. మా అన్నారు. "ఎంతసేపు పడుద్దమ్మా?" "టేపు తిరిగినంతసేపండి. మీరు కూర్చోండి." ఆఫీసరు గారిని కూర్చోమన్నాను! అమ్మ వింటే నమ్మదు. ఆయన వాచీ చూసుకున్నారు, నన్ను చూశారు, విద్యార్థుల బెంచీ మీద బుల్లిబాబు పక్కన కూర్చున్నారు.

కరెంటు వచ్చేదాకా నేను క్యాసెట్టులో పెన్సిలు పెట్టి టేపు వెనక్కి తిప్పించి, మూత తీసి, పొడి దూదితో ఇంకొకసారి తుడిచాను. వచ్చింది. ఫాను కదిలింది. సార్ లేవబోయి, ఆగి, కుర్చీ నా వైపు జరిపారు. నేను కూర్చుని మీట నొక్కాను. సున్నా సున్నా. ఈసారి తెర వైపే చూస్తున్నాను. మూడు వచ్చింది. నాలుగు వచ్చింది, గదిలో అందరూ బిగుసుకున్నారు, నేను బిగుసుకోలేదు. అయిదు. తొమ్మిది తర్వాత అక్షరం పడగానే ఆఫీసరు గారు, "అరె, తప్పొచ్చిందే!" అని లేచారు. "తప్పు కాదండి, దాని ఎక్కాలు వేరు" అన్నాను నేను.

సూర్యుడు వచ్చాడు. ఒక్కో గ్రహమూ దాని దారిలోకి వచ్చింది. ఆఫీసరు గారు బెంచీ మీద ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు మాతోపాటు చూశారు. తర్వాత తల తిప్పకుండానే అన్నారు:

"సాంబయ్యా, ఆ బొంత మడిచి జీపులో పెట్టెయ్."